కారు లేని షెడ్డుకి కరెంటు తలుపు

"మనిషి ఎంత నాగరికుడో అతని తలుపే చెబుతుంది!"

ఈ మాట అన్నది ఏ మహానుభావుడో కాదు. జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, బిర్సానగర్‌లో సొంత ఇంట్లో ఉంటూ, ఆ వీధికి ఇప్పటికీ తానే సూపరింటెండెంటునని నమ్ముతున్న సన్యాసిరావు గారు. అన్నది ఏ సభలోనో కూడా కాదు. తన ఇంటి ముందు, ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో టీ గ్లాసుతో. శ్రోతల్లో నేనొక్కణ్ణే ఉన్నాను. అయినా ఆయన గొంతు తగ్గించలేదు.

"గుహలో ఉన్నప్పుడు బండరాయి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత తడిక. తరవాత చెక్క. తరవాత ఇనుము. ఇప్పుడేటి, చెప్పు?"

సర్వీసంతా ఆయన దగ్గర హెడ్ క్లర్కుగా చేసినవాణ్ణి. అడిగితే జవాబు చెప్పడం నా విధి. "ఇప్పుడు దోమల జాలీ సార్" అన్నాను.

"కరెంటు తలుపు వెంకటరావ్! బటన్ నొక్కితే దానంతట అది లేస్తుంది. మళ్ళీ నొక్కితే దానంతట అది దిగుతుంది. మన గ్యారేజీకి అది పెట్టించాలని సూత్రప్రాయంగా నిర్ణయించాను."

లోపల్నుంచి వాళ్ళమ్మాయి యోగిత గొంతు వినిపించింది. "పాపా, గాడీ తో హై హీ నహీ!"

నిజమే, ఆ గ్యారేజీలో కారు లేదు. ఎప్పుడూ లేదు. సన్యాసిరావు గారికి ఉన్నది ఒక స్కూటరు. వాన పడితే అది కూడా కదలదు. కారు మాత్రం ప్రాసెస్‌లో ఉందని రిటైరైన నాటి నుంచి చెబుతున్నారు. ప్రాసెస్‌లో ఉన్నదాని గురించి మళ్ళీ అడగకూడదని మా ఆఫీసులో నేర్చుకున్నాను కాబట్టి నేనెప్పుడూ అడగలేదు.

ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో ఆ గదికి గ్యారేజీ అని రాశారు. కారు రాలేదు గానీ కస్తూరమ్మ వదిన గ్రైండరు వచ్చింది. హోటళ్ళలో ఉంటుందే, అంత పెద్దది. సన్యాసిరావు గారు ఆఫీసులో ఫైళ్ళు కదలకుండా కాపాడుతున్న రోజుల్లోనే ఆవిడ ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. కాంట్రాక్టు పనులకు వెళ్ళే మనవాళ్ళు, అద్దెగదుల కుర్రాళ్ళు, దోసె రుచి మరిగిన బెంగాలీలు, బీహారీలు, అందరూ గిన్నెలు పట్టుకుని ఆ గది ముందు నిలబడేవారు. ఆయన దాన్ని గ్యారేజీ అంటారు. ఆవిడ పిండిగది అంటుంది. వీధి మొత్తం ఆవిడ మాటే వాడుతుంది.

మా తెలుగు సంఘంలోని పరువుగల కుటుంబాలు మాత్రం పిండి కొనవు సుమా! కొన్న పిండితో ఇడ్లీ పెట్టడమంటే మా ఆడవాళ్ళకి ఎంత నామోషీయో చెప్పలేను. మా ఆవిడ పద్మకుమారినే తీసుకోండి. పెళ్ళయిన నాటి నుంచి ఇంట్లోనే రుబ్బుతుంది. ఎంత నేర్పుగా రుబ్బుతుందంటే, మా గ్రైండరు మోత నా చెవిన పడి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు!

ఇన్నాళ్ళూ లేని తలుపు ఆలోచన సన్యాసిరావు గారికి హఠాత్తుగా ఎందుకు వచ్చిందంటే, దానికి కారణం మా సంఘం సర్వసభ్య సమావేశం. ఆ రోజు కార్యదర్శి పదవికి ఎవరో ఆయన పేరు ప్రతిపాదించారు. వేదిక మీదున్న అధ్యక్షులు అప్పలరాజు గారు కళ్ళజోడు సర్దుకుని, "ఏ సన్యాసిరావు?" అని అడిగారు. అడగడంలో తప్పులేదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళం, మాలో సన్యాసిరావులకు కొదవ లేదు. వెనక వరసలోంచి ఎవరో సాయం చెయ్యబోయారు.

"అదేనండీ, పిండి సన్యాసిరావు!"

హాలంతా నవ్వింది. అప్పలరాజు గారు కూడా నవ్వి, "ఆలోసిద్దాం" అని ఆ అంశాన్ని వాయిదా వేశారు. సన్యాసిరావు గారు నవ్వలేదు. పక్కన కూర్చున్నాను కాబట్టి చూశాను, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అన్నేళ్ళ సర్వీసు, అన్ని సంతకాలు, చివరికి పేరు ముందు మిగిలింది పిండి! ఆ పూట ఆయన మీద నాకు నిజంగానే జాలి కలిగింది.

మర్నాటికల్లా తలుపు ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు సన్యాసిరావు గారు. సభ్యుణ్ణి నేను. సాంకేతిక సలహాదారు అమర్, అంటే సాక్చీ బజారులో తలుపుల కొట్టు నడిపే, సీతారాండేరా పేటలో ఉండే మన తెలుగు కుర్రాడు. కస్తూరమ్మ వదినను ఎవరూ పిలవలేదు. ఆవిడ గదిలోనే సమావేశం జరుగుతోంది కనుక ఆవిడ అక్కడే ఉంది.

అమర్ ఫోనులో బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. "అంకుల్, సబ్‌సే సస్తా, సబ్‌సే మజ్‌బూత్. చవకా, గట్టీ. రోలింగ్ షట్టర్. మోటారు పెట్టేత్తే బటన్‌తో..."

"షట్టరా!" సన్యాసిరావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "షట్టరంటే కొట్టు! పొద్దున్నే లేపి అగరొత్తి ముట్టిస్తారు. ఇది కొట్టు కాదయ్యా, గ్యారేజీ! ఈ ప్రతిపాదన తిరస్కరించడమైనది."

ఆయన వెనకాల కస్తూరమ్మ వదిన ఒక బెంగాలీ ఆవిడకి పిండి కొలిచి పోస్తోంది. ఆ ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు గిన్నెలతో నిలబడి ఉన్నారు.

"పోనీ రెండు రెక్కలు బయటికి తెరుచుకునేది తీసుకోండి అంకుల్" అన్నాడు అమర్. కొలత వేసి చూస్తే రెక్క కాలవ దాటి వీధిలోకి వస్తోంది. అక్కడ రోజూ ఒక ఆవు పడుకుంటుంది. తలుపు తెరవాలంటే ముందు ఆవును లేపాలి. ఆవుకి రిమోటు లేదు. తిరస్కరించడమైనది.

పక్కకు జరిగే తలుపు చూపించాడు. జరగడానికి గోడ చాలదు. పైగా అది లెవెల్ క్రాసింగ్ గేటులా ఉందన్నారు సన్యాసిరావు గారు. ఆఫీసు వదిలినా ఆఫీసు వదల్లేదు అనిపిస్తుందట. తిరస్కరించడమైనది.

చివరికి అమర్ అసలైనది బయటపెట్టాడు. పలకలు పలకలుగా ఉండే తలుపు. మోటారు కప్పుకి బిగిస్తారు. బటన్ నొక్కగానే పలకలన్నీ పట్టాల మీద పైకి పాకి, కప్పు కింద వెల్లకిలా పడుకుంటాయి. పట్టాలన్న మాట వినగానే సన్యాసిరావు గారి మొహం విప్పారింది.

"టేకు రంగులో దొరుకుద్దా?"

"దొరుకుద్ది అంకుల్. మగర్ గాడీ కౌన్‌సీ హై? ఏ కారు, ఎంత ఎత్తు?"

"పెద్దదే."

"ఎంత పెద్దది?"

"నా గ్రైండరు కన్నా పెద్దదిలే బాబూ" అంది కస్తూరమ్మ వదిన, కొలపాత్ర కడుక్కుంటూ. తరవాత మొగుడి వైపు తిరిగింది. "ఏటండీ, మరి నా మిషను ఏడ పెడతారు?"

"మేడ మీద."

"వానొత్తే?"

"రేకు వేయిద్దాం. ఆ అంశం తరవాత పరిశీలిద్దాం."

"మేడ మీదికి బియ్యం మోసీది నాను. నీళ్ళు మోసీది నాను. పిండి గుండిగలు దింపీది నాను. పరిశీలించీది మీరు! నా మోకాళ్ళు మీ ఆఫీసులో పనిసెయ్యనేదండీ, పరిశీలిత్తే ఊరుకోడానికి."

సన్యాసిరావు గారు విననట్టుగా అమర్‌తో రంగుల గురించి మాట్లాడసాగారు. ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మరిదిగారూ, ఈ ఇంట్లో నాదంటూ ఒక సోటుందంటే ఈ గదే. వంటగది అందరిదీ. పూజగది దేవుడిది. ఈడ కూకుంటే నాకు ఏ దిగులూ ఉండదు. నలుగురు వత్తారు, నాలుగు మాటలు సెప్తారు. మేడెక్కి ఎవుడొత్తాడు పిండి కోసం? సోటు తీసేత్తే ఏపారం తీసేసినట్టే. ఆయనకి తెలుసు. తెలిసే సేత్తన్నారు."

టీ గ్లాసు ఖాళీ అయినా అందులోకే చూస్తూ కూర్చున్నాను. సంఘం తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు సన్యాసిరావు గారు ప్రకటించారు.

తలుపు వచ్చింది. బిగించడం అయింది. ఒక్క లోపమే మిగిలింది. కప్పు నుంచి ఒక ఎర్రతాడు వేలాడుతోంది.

"ఇదేటి?" అన్నారు సన్యాసిరావు గారు.

"కరెంటు పోతే ఆ తాడు లాగి చేత్తో ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు అంకుల్."

"రైలు పెట్టెలో చెయినులా ఉందయ్యా! చూసినవాడల్లా లాగుతాడు. అందకుండా పైకి కట్టెయ్."

"మగర్ అంకుల్, కరెంటు పోతే..."

"మన ఇంట్లో కరెంటు పోదు!" అన్నారాయన. అంటుండగానే ఫ్యాను ఆగిపోయింది. అయినా తాడును పైకి కట్టించే దాకా ఆయన ఊరుకోలేదు. అందం ముందు అవసరం ఎంత?

ప్రారంభోత్సవానికి విశ్వకర్మ పూజ రోజు నిర్ణయించారు. మా జంషెడ్‌పూర్‌లో దసరాకి ఎంత సందడో ఆ రోజుకీ అంతే. పెద్ద కార్ఖానా మొదలుకుని దర్జీ కుట్టుమిషను వరకు ప్రతి యంత్రానికీ స్నానం, బొట్టు, బంతిపూల దండ. ఆటోలు పెళ్ళికొడుకుల్లా తయారవుతాయి. పూజయ్యాక మర్నాటి దాకా ఏ యంత్రాన్నీ తిప్పకూడదు. యంత్రానికి కూడా సెలవు దొరికే ఊరు మాది. ఆ రోజు అప్పలరాజు గారిని ముఖ్య అతిథిగా పిలిచి, ఆయన చేతే కొబ్బరికాయ కొట్టించి, ఆయన నోటి నుంచే కార్యదర్శి పదవి మాట రాబట్టాలని సన్యాసిరావు గారి ఎత్తు.

ఎత్తుకి ఒకటే అడ్డం. పూజనాడు గ్రైండరు తిప్పకూడదు గనక కస్తూరమ్మ వదిన ముందురోజే రెట్టింపు పిండి రుబ్బేసింది. పండగ ఆర్డర్లన్నీ ఎవరు ఇచ్చిపోయిన క్యాన్లలో వాళ్ళకి ఎత్తి, పూజనాటి సాయంత్రం వచ్చి తీసుకెళ్ళడానికి వరసగా పెట్టింది. గదినిండా గుండిగలు, క్యాన్లు, మధ్యలో ఏనుగులా గ్రైండరు. అవన్నీ మేడెక్కించే వ్యవధి లేదు. సన్యాసిరావు గారు ఆలోచించారు. స్కూటరేసుకుని బిష్టుపూర్ బజారుకి వెళ్ళారు. కారు కంటే ముందు కారు కవరు కొనుక్కొచ్చారు!

వెండిరంగు కవరు. గ్రైండరు మీద నుంచి గుండిగల మీదుగా క్యాన్ల చివరి దాకా కప్పేశారు. రెండడుగులు వెనక్కి వేసి, "ఎలాగుంది వెంకటరావ్?" అన్నారు.

నిజం చెప్పాలంటే కారులా లేదు. ఒంటె పడుకున్నట్టు ఉంది. "దూరం నుంచి చూస్తే ఫరవాలేదు సార్" అన్నాను.

"దూరం నుంచే చూపిస్తాం. తలుపు లేస్తుంది. కారుందని అందరూ గ్రహిస్తారు. పూజ అవుతుంది. తలుపు దిగుతుంది. అంతా ఒక్క నిమిషం పని. ఎల్లుండి గ్రైండరు మేడెక్కుతుంది."

కస్తూరమ్మ వదిన గుమ్మంలో నిలబడి ఉంది. "మూతలు గట్టిగా పెట్టనేదండీ. గాలాడక పోతే పిండి పొంగుద్ది" అంది.

"రేపు పూజయ్యే దాకా ఆ గదిలోకి నువ్వు రాకూడదు. పిండిని నిగ్రహించుకోమని చెప్పు!"

పూజ రోజు మబ్బు పట్టింది. ఎక్కడ చూసినా మైకులు. అతిథులంతా వచ్చారు. మా ఆవిడా వచ్చింది. అప్పలరాజు గారు సోనారి నుంచి పట్టుపంచెలో వచ్చారు, వెంట భార్య జగదాంబ గారు. ఆయన స్టీలు కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. యంత్రాలన్నా సంప్రదాయమన్నా ఆయన తరవాతే ఎవరైనా. ముందుగా టిఫిన్లు పెట్టారు. అప్పలరాజు గారు ఇడ్లీల వాయి ఒకటి ముగించి, ఇంకో వాయికి విస్తరి చాపుతూ సెలవిచ్చారు.

"బాగానే ఉన్నాయి. కానీ ఏటంటావ్ వెంకటరావ్, కొట్టుపిండి కొట్టుపిండే! మా ఇంట్లో ఇప్పటికీ రుబ్బురోలు. మా జగదాంబ సేత్తో రుబ్బుద్ది. ఆ రుచి మిషనుకి ఎక్కడినించొత్తాది?"

జగదాంబ గారు వినయంగా తల వంచుకున్నారు. నేను కూడా ఊరుకోలేక, "మా ఇంట్లోనూ అంతే సార్, సొంత పిండే" అన్నాను. మా ఆవిడ చట్నీలో ఏదో వెతుకుతోంది.

ముహూర్తం వచ్చింది. సన్యాసిరావు గారు రిమోటును కళ్ళకద్దుకుని బటన్ నొక్కారు. గర్రుమని చిన్న శబ్దం. టేకు రంగు పలకలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకాయి. జనం "ఆహా!" అన్నారు. కప్పు కింద తలుపు పడుకుంది. లోపల వెండిరంగు కవరు తళతళలాడింది. ఈసారి ఆహా ఇంకా పెద్దగా వచ్చింది.

"కారు కొన్నావని సెప్పనేదేటయ్యా!" అన్నారు అప్పలరాజు గారు.

"చిన్నదే సార్" అన్నారు సన్యాసిరావు గారు. ఆ వినయం చూస్తే ఎవరైనా రెండు కార్లున్నాయనుకుంటారు.

అప్పలరాజు గారు స్టూలెక్కి కప్పుకి బిగించిన మోటారుకి బొట్టు పెట్టారు. పట్టాలకు పసుపు రాశారు. హారతిచ్చి కొబ్బరికాయ కొట్టారు. అయింది. సన్యాసిరావు గారు నవ్వుతూ రిమోటు పైకెత్తారు.

అప్పలరాజు గారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఏటి సేత్తన్నావు?"

"తలుపు దించుతున్నాను సార్."

"పూజయిన మిషను తిప్పుతావా! బుద్ధుందా?"

"ఒక్క బటనే కద సార్..."

"ఒక్క బటనైనా తిప్పడమే! నా సర్వీసులో ఈ రోజున నాను చేతిగడియారానిక్కూడా కీ ఇవ్వనేదు. రేపు పొద్దున దాకా ఈ తలుపు ఇలాగే ఉండాల. విశ్వకర్మ సూత్తంటాడు."

సన్యాసిరావు గారు కప్పు వైపు చూశారు. ఎర్రతాడు ఎవరికీ అందకుండా చక్కగా కట్టి ఉంది. "పోనీ చేత్తో లాగి..." అని గొణిగారు. చేత్తో తిప్పినా తిరిగేది తలుపే కదా అని అధ్యక్షులు తేల్చేశారు.

ఇక్కడొక వింత జరిగింది. సన్యాసిరావు గారి కంటే మా ఆడవాళ్ళకు ఎక్కువ కంగారు పుట్టింది!

"దించెయ్యమనండీ, కారు మీద ఎండ పడతంది" అన్నారు జగదాంబ గారు మొగుడితో. నేను ఆకాశం వైపు చూశాను. ఎండ జాడ లేదు.

"వాన జల్లు కొడుతుంది. దించేస్తేనే మంచిది" అంది మా ఆవిడ. వానా లేదు.

ఇంకో ఆవిడకి దుమ్ము భయం పట్టుకుంది. మరో ఆవిడ ఏకంగా అందర్నీ వీధి చివర విశ్వకర్మ పందిరి చూడ్డానికి వెళ్దాం రమ్మంది. పరాయివాళ్ళ కారు గురించి మా ఆడవాళ్ళు ఇంతగా తల్లడిల్లడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ మంచి మనసుకి నాకు కళ్ళు చెమర్చాయి.

"తలుపుకి బొట్టు పెట్టేం, మరి కారుకో? కారూ మిషనే కదా!" అని అప్పలరాజు గారు కుంకుమ గిన్నె పట్టుకుని లోపలికి నడిచారు. "కవరు తియ్యి."

"వద్దు సార్! ఇంకా... రిజిస్ట్రేషను ప్రాసెస్‌లో ఉంది!" సన్యాసిరావు గారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే కవరు అంచు కింద నుంచి తెల్లగా ఏదో కనబడింది. మెల్లగా, నిదానంగా, గచ్చు మీద పాకుతూ వచ్చి అప్పలరాజు గారి పట్టుపంచె దగ్గర ఆగింది.

"లీకు!" అన్నారు ఫోర్‌మన్ గారు. ఆయనలోని ఉద్యోగి మేలుకున్నాడు. వంగి చూశారు. "ఆయిలు కాదు. కూలెంటు కూడా కాదు. తెల్లగుంది. నురగ కూడా వత్తంది. ఇదే కంపెనీ కారయ్యా?" వేలితో తాకారు. వాసన చూశారు. తరవాత ఎందుకో నాలిక్కి రాసుకున్నారు. ఆయన మొహంలో గొప్ప అయోమయం కనిపించింది.

"సన్యాసిరావ్, నీ కారు పొంగుతోంది."

కవరు ఇంకోవైపు నుంచి కూడా పిండి దిగడం మొదలైంది. సన్యాసిరావు గారి బతుకులో ఏ ఫైలూ ఇంత వేగంగా బయటికి రాలేదు.

జనాన్ని తోసుకుంటూ కస్తూరమ్మ వదిన వచ్చింది. "ఓలమ్మో, పిండంతా పోతంది! తప్పుకోండి! మీ పరువు తరవాత సూసుకుందురు!" అని మొగుణ్ణి పక్కకు నెట్టి, రెండు చేతులతో కవరు లాగి అవతల పారేసింది.

మధ్యలో గ్రైండరు. కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది. తెల్లవారకముందే, వద్దన్న గదిలోకి వచ్చి, కవరు కింద దూరి, ఆవిడ తన మిషనుకి తనే పూజ చేసుకుంది. మేడెక్కించబోయే మిషనుకి ఎవరైనా అంత శ్రద్ధగా బొట్టు పెడతారా!

గ్రైండరు చుట్టూ స్టీలు క్యాన్లు, మూతలు తోసుకుని పొంగుతున్నాయి. మా వాళ్ళ సంగతి మీకు తెలుసు. స్టీలు సామాను కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తేరు. అప్పలరాజు గారు దగ్గరున్న క్యాను మీది అక్షరాలు పెద్దగా చదివారు.

"సౌభాగ్యవతి పద్మకుమారి, బిర్సానగర్..." ఆయన మొహం వెలిగిపోయింది. "ఏటి వెంకటరావ్! సొంత పిండన్నావు!"

అందరూ నా వైపు తిరిగారు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. మా ఆవిడ ఆకాశం వైపు తిరిగింది. మా గ్రైండరు మోత ఎందుకు వినపడదో ఆ క్షణంలో నాకు బోధపడింది.

అప్పలరాజు గారికి ఉత్సాహం వచ్చింది. ఇంకో క్యాను తిప్పారు. ఉపాధ్యక్షుల వారిది. ఇంకోటి, కోశాధికారి గారిది. చదివినకొద్దీ పకపకా నవ్వారు. "సంఘం మొత్తం ఈడే ఉందయ్యా!" అంటూ అన్నిటికన్నా పెద్ద క్యాను దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, "శ్రీమతి జగదాంబ, సోనా..." అన్నారు. రి అన్న అక్షరం బయటికి రాలేదు.

పందిట్లో మైకు కూడా సరిగ్గా అప్పుడే ఆగింది.

"రుబ్బురోలు... ఉంది" అన్నారు జగదాంబ గారు చాలా మెల్లగా. "తులసికోట పక్కన ఉంది. తిప్పడం నేదు, అంతే."

అప్పలరాజు గారు కాసేపు క్యాను వైపు, కాసేపు తన వేలి మీది పిండి వైపు చూశారు. తరవాత కుంకుమ గిన్నె కింద పెట్టి, గ్రైండరుకి రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. "పూజయిన మిషను. అందరూ దండం పెట్టుకోండి" అన్నారు గంభీరంగా. సంఘం మొత్తం వరసలో నిలబడి దండం పెట్టింది. సన్యాసిరావు గారు కూడా పెట్టారు.

తలుపు మర్నాటి దాకా దిగలేదు. పందిళ్ళు చూడ్డానికి తిరిగే జనమంతా ఆ టేకు రంగు తలుపు కింద ఆగి, గ్రైండరుకి దండం పెట్టి, పిండి ఎంతకిస్తారని అడిగి వెళ్ళారు. వదిన వాళ్ళందరితో నాలుగు మాటలు చెబుతూనే ఉంది. పొద్దున్నే సన్యాసిరావు గారి చేతిలోంచి రిమోటు తీసుకుని కొంగున కట్టుకుంది. మేడ మీద రేకు సంగతి ఏమైందని నేను అడిగాను. "ఆ ఫైలు మూసేశాం" అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేదు. ఎర్రతాడు కూడా కిందికి దించారు.

తరవాతి సమావేశంలో సన్యాసిరావు గారు కార్యదర్శిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ప్రతిపాదించినవారు అప్పలరాజు గారు. ఏ సన్యాసిరావని ఎవరూ అడగలేదు. అలాంటి విషయాలు ఎక్కువగా అడిగితే ఇంకేవో బయటికొస్తాయని అందరికీ తెలుసు. అధ్యక్షుల వారు ఉపన్యసిస్తూ, మన వంటింటి సంప్రదాయాలను మనమే కాపాడుకోవాలని, కొన్న పిండి జోలికి పోరాదని ఉద్ఘాటించారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

మొన్న సాయంత్రం మా ఆవిడ నా చేతిలో క్యాను పెట్టింది. కొత్తది, పేరు లేనిది. ఈ మధ్య మా వాళ్ళలో పేరు లేని క్యాన్ల అమ్మకం బాగా పెరిగిందని వింటున్నాను. వీధిలో అటూ ఇటూ చూసి పిండిగదిలోకి దూరాను. వెనకే గర్రుమని తలుపు దిగింది. ఎంత హాయైన శబ్దమో! కారు దాచడానికి ఏమో గానీ, మనుషుల్ని దాచడానికి అంత చక్కటి తలుపు ఇంకోటి ఉండదు. కస్తూరమ్మ వదిన దగ్గర ఇప్పుడు పిండి అడిగేవాళ్ళ కంటే ముందు తలుపు దించమనేవాళ్ళే ఎక్కువ.

కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే, గ్రైండరు పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నారు. చేతిలో క్యాను. దాని మీద పేరున్న చోట కాగితం అంటించి ఉంది.

"సార్! మీరా?"

అప్పలరాజు గారు గొంతు సవరించుకున్నారు. "తలుపు సరిగ్గా పనిసేత్తందా నేదా అని సూద్దామని వచ్చేను."

"నేనూ అందుకే వచ్చాను సార్."

కస్తూరమ్మ వదిన ఇద్దరి క్యాన్లూ నింపింది. కొంగు ముడి విప్పి రిమోటు తీసింది. తలుపు అవతల వీధిలో మా సంఘం వాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇద్దరూ తలుపు సూసీడం అయింది కదా. మరి ఎత్తమంటారా?"

"వద్దు!" అన్నాం ఇద్దరం.